కట్టింగ్ మాస్టారి నడుం పట్టీ

ఎందరి నడుములో కొలిచిన కట్టింగ్ మాస్టారికి సొంత నడుము అంతు చిక్కకుండా పోయింది. కొలతల మనిషికి కలతలు మొదలయ్యాయి. వంగితే నొప్పి, లేస్తే నొప్పి, కూర్చుంటే సరేసరి. నెలలు గడిచినా అది పెట్టె సర్దుకోని చుట్టంలా కదలడం లేదు.

బడులు తెరిచే రోజులు దగ్గరపడ్డాయి. దుకాణంలో యూనిఫారాల గుడ్డ తానులు తానులుగా వచ్చి పడింది. యజమాని మొహమాటపడుతూనే చెప్పాడు.

"మాస్టారూ, నెలాఖరు సోమవారానికి మీరు బల్ల దగ్గర నిలబడలేకపోతే ఇంకొకర్ని పెట్టుకుంటాను. ఏమనుకోకండి."

మాస్టారు చాలానే అనుకున్నారు. పైకి మాత్రం తలూపారు.

ఇంట్లో భార్య వేడినీళ్ళ సంచీతో ఎదురొచ్చింది. "కదలకుండా పడుకోండి." బావమరిది ఐసుముక్కలు తెచ్చాడు. "పడుకుంటే బిగుసుకుపోతారు బావా, లేచి తిరగండి."

"నువ్వూరుకోరా! నీ నడుమా, ఆయన నడుమా?"

"ఆయనదే అక్కా. అందుకేగా ఇంత ధైర్యంగా చెబుతున్నా."

ఆసుపత్రిలో ఫిజియోథెరపీ డాక్టరమ్మ ఒక నడుం పట్టీ ఇచ్చింది. కొన్నాళ్ళే, అదీ బరువు పని చేసేటప్పుడే కట్టుకోమంది. మాస్టారు దాన్ని తిరగేసి చూసి పెదవి విరిచారు. కుట్టు వంకర! పట్టుబట్టి తానే కాన్వాసుతో మరో పట్టీ కుట్టుకున్నారు. కట్టగానే ప్రాణం లేచొచ్చింది. ఇక స్నానానికి తప్ప విప్పలేదు.

కొద్ది రోజులకు నొప్పి తిరిగొచ్చింది. దర్జీ బుర్ర కదా, పట్టీ వదులైందనుకుని ఒక కుట్టు లోపలికి వేశారు. మళ్ళీ నొప్పి. ఇంకో కుట్టు. చివరికి ఊపిరి కూడా వాయిదాల్లో తీసుకోవాల్సి వచ్చింది. గడువుకి రెండు రోజుల ముందు, శనివారం పట్టీ విప్పితే నిలవలేక గోడ పట్టుకున్నారు. భార్య ఆయన్ని తిన్నగా ఆసుపత్రికి లాక్కెళ్ళింది.

"ఎవరు కుట్టారండీ ఇది?" డాక్టరమ్మ అడిగింది.

"నేనేనమ్మా!" ఆ బాధలోనూ మాస్టారి ఛాతీ పొంగింది.

"బాగా కుట్టారు. మీ కండరాలకి పనే లేకుండా కుట్టేశారు. ఇక మానేయండి."

"మానేస్తే నొప్పమ్మా."

"కొంత ఉంటుంది. నొప్పి పుట్టినప్పుడల్లా లోపలేదో తెగిపోతున్నట్టు కాదు. కొంచెం కొంచెంగా నడవండి. బల్ల ఎత్తు చేయించండి. ఎక్కువసేపు ఒకేలా నిలబడకండి."

"అంటే నొప్పి ఉన్నా బాగుపడుతున్నట్టేనా? లేకపోయినా పాడవుతున్నట్టా?"

"రెండూ జరగొచ్చు."

"బిగుతైతే వదులు చేస్తాం, వదులైతే బిగిస్తాం. ఇదేం ఒళ్ళమ్మా, ఏ లెక్కకీ రాదు!"

సోమవారం మాస్టారు పట్టీ లేకుండానే దుకాణానికి వెళ్ళారు. బల్ల కాళ్ళ కింద చెక్క దిమ్మలు పెట్టించారు. గుడ్డ పరిచి కాసేపు కత్తిరించడం, కత్తెర పక్కన పెట్టి దుకాణమంతా తిరిగి రావడం, మళ్ళీ కత్తిరించడం. మిషన్ల దగ్గరివాళ్ళు ఒకరినొకరు చూసుకున్నారు. "మాస్టారు ఏం పోగొట్టుకున్నారో!"

మధ్యాహ్నం యజమాని బల్ల దగ్గరికొచ్చాడు. "తగ్గిందా మాస్టారూ?"

"పొద్దుటి కంటే ఎక్కువుంది. నిన్నటి కంటే తక్కువుంది. డాక్టరమ్మ ఇది బాగుపడటమే అంటుంది. నాకైతే ఏమీ అర్థం కావట్లేదు బాబూ."

యజమాని బల్ల చివర పేరుకున్న చొక్కా ముక్కల దొంతర చూశాడు. ఒక ముక్క తీసి అంచు తడిమి, మాస్టారి బదులు రమ్మన్న మనిషికి ఫోను చేశాడు.

"ఇప్పుడు రావద్దులేవయ్యా. తగ్గిందా అంటావా? అది ఆయనకీ తెలీదు, నాకూ తెలీదు. గుడ్డ మాత్రం తెగుతోంది."