ఆయ్ అన్నదెవరితో

రిపోర్టులో నా నేరం మూడు వాక్యాలే. పరీక్ష సమయంలో అభ్యర్థి గదిలో మరో వ్యక్తి ఉన్నట్టు అనుమానం. ఆ వ్యక్తి ప్రశ్నలు అడుగుతూ జవాబు రాబట్టారు. అభ్యర్థి ఆ వ్యక్తి ఆదేశాలకు 'ఆయ్' అంటూ పందొమ్మిదిసార్లు సమ్మతి తెలిపారు.

ఆ 'ఆయ్'కి కింద చిన్నక్షరాల్లో వివరణ కూడా ఇచ్చారు. ఓడల మీద కెప్టెన్ ఆర్డరు వేస్తే కిందివాళ్లు ఒప్పుకుంటూ అనే ఇంగ్లిషు మాటట. బెంగళూరులో ఆ కంపెనీవాళ్లెవరో పాపం డిక్షనరీ తీసి మరీ చూశారు. మా నాన్న దిండి రేవులో హౌస్‌బోటు నడుపుతాడని తెలిసే రాశారేమోనని నాకు ఒక్క క్షణం అనుమానమొచ్చింది.

"చదివేరా అమ్మా?" అన్నారు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు. మా కాలేజీ ప్లేస్‌మెంట్ ఆఫీసరు. "కాఫీ చెప్పమంటారా?"

"వద్దండి."

"పోనీ మజ్జిగ?"

మా వైపు మనిషిని ముంచే ముందు కూడా మర్యాద చేస్తారు. నేను మజ్జిగ కూడా వద్దన్నాక ఆయన ఒక కాగితం నా వైపు జరిపారు. పైన నా పేరు లక్ష్మీతులసి అని టైపు చేసి ఉంది, ఒక్క తప్పు లేకుండా. నాలుగేళ్లలో ఈ కాలేజీ నా పేరు సరిగ్గా రాయడం ఇదే మొదటిసారి. కింద విషయం: ఆన్‌లైన్ కోడింగ్ పరీక్షలో బయటి వ్యక్తి సాయం తీసుకున్నాను, క్షమించండి.

సంతకం పెడితే ఈ కంపెనీ ఒక్కటే పోతుంది, తర్వాత వచ్చేవాటికి కూర్చోవచ్చు. కాకపోతే ఆ కాగితం నా ఫైల్లో ఉంటుంది. ఏ కంపెనీ వాళ్లడిగినా తీసి చూపిస్తారు. సంతకం పెట్టకపోతే ప్లేస్‌మెంట్ లిస్టులోంచే నా పేరు తీసేస్తారు. ఆయన ఇదంతా ఊళ్లో పెళ్లికి పిలిచినంత నెమ్మదిగా చెప్పారు.

"గదిలో ఎవరూ లేరండి," అన్నాను.

"ఎవరో ఒకరు ఉండే ఉంటారులెండి. చిన్నతనం. అందరం చేసేవాళ్లమే."

"పరీక్ష రికార్డింగు వినిపించండి."

"ఎందుకమ్మా, మనసు కష్టపెట్టుకోవడం."

"ఆ పని అయిపోయిందండి. వినిపించండి."

ఆయన కంప్యూటర్లో వెతుకుతున్నంతసేపూ నేను ఒక్క సంగతే ఆలోచించాను. పరీక్షకి ముందు స్క్రీను మీద రాసింది ఆ కంపెనీ వాళ్లే. మీరు ఆలోచించేదంతా పైకి చెప్పండి, జవాబు కన్నా మీ ఆలోచన మాకు ముఖ్యం అని. నేను చెప్పాను. నా ఆలోచన తెలుగులో ఉంటుందనీ, అందులో ఇద్దరు మనుషులుంటారనీ ముందుగా తెలపలేదు. అదే నేను చేసిన తప్పు.

ఆ ఇద్దరిలో ఒకరు పింకీ. హాస్టల్లో నా రూమ్మేటు, నాకన్నా ఏడాది పెద్దది. లెక్క కనబడగానే నా చేతులు కీబోర్డు మీదకి పోయేవి. అది కీబోర్డు లాగేసుకుని, "ముందు నోటితో చెప్పవే, తర్వాత కొడుదువు గాని," అనేది. టీచరమ్మలా ఒక్కో ప్రశ్నా వేసేది. నేను వెటకారానికి అండీ, ఆయ్ అంటూ జవాబిచ్చేదాన్ని. వెటకారమే అయినా లెక్కలు మాత్రం వచ్చేవి. పోయినేడు దానికి ఉద్యోగమొచ్చి వెళ్లిపోయింది. అప్పట్నుంచి దాని వంతు ప్రశ్నలు కూడా నేనే వేసుకుంటున్నాను.

రికార్డింగు మొదలైంది. లెక్క ఇదీ: లిస్టులో నాలుగు, తొమ్మిది, మూడు, ఏడు ఉన్నాయి. ఏ రెండు కలిపితే పదకొండవుతుంది? కోడింగు నేర్చుకునేవాళ్లకి మొదటి వారంలో ఇచ్చే లెక్క. ప్రతి నంబర్నీ మిగతా అన్నిటితో కలిపి చూడొచ్చు. నాలుగు నంబర్లకి పర్వాలేదు. లక్ష ఇస్తే కంప్యూటరుకి కూడా విసుగొస్తుంది. అందుకని చూసినవాటిని రాసుకుంటూ లిస్టు వెంబడి ఒక్కసారే నడవాలి.

"చేతిలో ఏముందే తులసీ?" అంది స్పీకర్లో నా గొంతు.

"నాలుగండి," అంది మళ్లీ నా గొంతే.

"పదకొండవ్వాలంటే ఇంకెంత కావాలి?"

"ఏడండి."

"ఏడు ఇంతకుముందు కనబడిందా?"

"లేదండి."

"అయితే నాలుగుని చూసేనని రాసుకుని ముందుకెళ్లు."

"ఆయ్."

తొమ్మిదికి రెండు కావాలి. కనబడలేదు. రాసుకో. ఆయ్. మూడుకి ఎనిమిది కావాలి. అదీ కనబడలేదు. రాసుకో. ఆయ్. ఆఖరికి ఏడు దగ్గరికొచ్చాం.

"ఎంత కావాలి?"

"నాలుగండి."

"కనబడిందా?"

"ఆయ్, మొదట్లోనే."

"మరి చెప్పవే, ఇంకా ఏం చూస్తున్నావు? సర్లే, లిస్టు ఖాళీగా ఇచ్చేరనుకో, అప్పుడేం చేస్తావు?"

"ఏమీ దొరకలేదని మర్యాదగా చెప్తానండి."

రావు గారు నవ్వారు. పొట్ట కదిలేలా, నిజంగానే నవ్వారు. "రెండు గొంతులూ మీవేనమ్మా. అడిగేటప్పుడు కొంచెం ముక్కుతో అంటున్నారు."

"పింకీ అలాగే మాట్లాడుద్దండి."

"బలే ఉంది."

"అంటే ఎవరూ లేరని మీకు తెలిసింది కదండి."

"తెలిసిందమ్మా."

"మరి ఆ కాగితం తీసేయండి."

ఆయన పెన్ను మూత తీసి కాగితం పక్కన పెట్టారు. "మీరు చేసేరని కాదమ్మా. చేసేనని రాసిస్తే సరిపోద్ది. వాళ్లు వచ్చే నెల మళ్లీ క్యాంపస్‌కి వస్తామంటున్నారు. నలభైమంది పిల్లలున్నారు. మీ ఒక్కరి గురించి మనం వాళ్లతో వాదన పెట్టుకుంటే బాగుంటుందా, మీరే చెప్పండి."

అప్పటిదాకా నాకున్నది భయం. దాన్నే కోపమనుకున్నాను. అసలు కోపం అప్పుడొచ్చింది, చెవులు వేడెక్కేంత. బెంగళూరు మనిషికి నేనెవరో తెలియదు, తెలియక రాశాడు. ఈయనకి తెలుసు. తెలిసి, నవ్వి, బలే ఉందని మెచ్చుకుని, పెన్ను మూత తీసి పెట్టారు.

"ఫోన్ చేయండి," అన్నాను. "ఇప్పుడు మీరు విన్నది వాళ్లకి చెప్పండి."

నేను లేచేలా లేనని చూసి ఆయన ఫోన్ చేశారు. "గుడ్ మార్నింగ్ మేడమ్… యెస్ మేడమ్, దట్ గాళ్ ఓన్లీ… ఆయ్… ఆయ్… ప్రాసెస్ ఈజ్ ప్రాసెస్ మేడమ్, కరెక్టే… ఆయ్… థాంక్యూ మేడమ్."

ఫోన్ పెట్టేసి తల అడ్డంగా ఊపారు. "కుదరదంటున్నారమ్మా."

"మీరేం చెప్పేరండి?"

"అదే, మీ విషయం."

"ఆయ్ అని మూడుసార్లు చెప్పేరండి. నా విషయం ఒక్క ముక్క చెప్పలేదు."

ఆయన కళ్లజోడు తుడుచుకున్నారు. ఆదేశాలకు సమ్మతి తెలిపారని రిపోర్టులో రాసినవాడు మనిషి విషయంలో పొరబడ్డాడు గానీ, మాటకి అర్థం సరిగ్గానే చూశాడు.

"మీరు ఆవేశంలో ఉన్నారు. నాన్నగారితో మాట్లాడతానుండండి," అన్నారు.

మా నాన్న ఎవరికీ కాదనడు. టూరిస్టు మిట్టమధ్యాహ్నం బోటు వెనక్కి తిప్పమంటే ఆయ్. మేనేజరు పండగ రోజు డ్యూటీకి రమ్మంటే ఆయ్. రావు గారు ఫోన్ స్పీకర్లో పెట్టారు. ఇంజను చప్పుడు గదంతా నిండింది.

"సత్యదుర్గారావు గారేనాండి?"

"ఆయ్, సెప్పండి బాబూ."

రావు గారు చెప్పారు. పరీక్ష గురించి, కంపెనీ గురించి, నలభైమంది పిల్లల గురించి. "చిన్న సంతకమండి."

"ఆయ్."

"అమ్మాయి మంచికేనండి."

"ఆయ్."

"మీరొక మాట చెప్తే వింటుంది."

ఇంజను ఆగిపోయింది. నీళ్లు బోటుకి తగులుతున్న చప్పుడు వినబడింది.

"ఒకటడుగుతానండి," అన్నాడు నాన్న. "మా అమ్మాయి ఆ పని సేసిందాండి?"

రావు గారు నా వైపు చూశారు. "చేయలేదులెండి. అయినా…"

"సెయ్యలేదని తమరికి తెలుసునాండి?"

"ఆయ్," అన్నారు రావు గారు, బాగా చిన్నగా.

"నాకూ ఒకసారి ఇలాగే కాయితం పెట్టేరండి. రేవు మెట్లకి బోటు గుద్దేసేనని. నేనా రోజు బోటే ఎక్కలేదండి. అప్పటి మేనేజరు గారు మంచోరండి, పక్కన కూకోబెట్టుకుని బోయినం పెట్టేరు. తిని సంతకం పెట్టేసేను. ఆ కాయితం సూపించి మూడేళ్లు ఎవ్వరూ స్టీరింగు ముట్టుకోనివ్వలేదండి. డెక్కు కడిగేను."

ఈ సంగతి నాకు తెలియదు. ఆ మూడేళ్లూ గుర్తున్నాయి. భుజం నొప్పి, అందుకే బోటు నడపట్లేదని మాతో చెప్పాడు. రోజూ సాయంత్రం అమ్మ కొబ్బరినూనెలో కర్పూరం కరిగించి రాసేది. లేని నొప్పికి మూడేళ్లు రాయించుకున్నాడు.

"తులసి అక్కడుందాండి?"

"ఉన్నాను నాన్నా."

"నీకెలా తోస్తే అలా సెయ్యమ్మా. టూరిస్టులు సూత్తన్నారు, ఉంటాను."

ఇంజను మళ్లీ మొదలై, ఫోన్ కట్టయ్యింది. రావు గారు నా కళ్లలోకి చూడకుండా బల్ల మీద కాగితాలు సర్దుకున్నారు.

నేను పెన్ను తీసుకున్నాను. ఆయన ముఖం కాస్త తేరుకుంది. క్షమాపణ మీద ఈ మూల నుంచి ఆ మూలకి ఒక గీత, ఆ మూల నుంచి ఈ మూలకి ఇంకో గీత గీశాను, మళ్లీ ఎవరూ వాడుకోకుండా. కాగితం తిప్పి వెనక రాయడం మొదలుపెట్టాను. అడిగినది లక్ష్మీతులసి, చెప్పినది లక్ష్మీతులసి అని పైన పెట్టి, చేతిలో ఏముంది దగ్గర్నుంచి ఖాళీ లిస్టు దాకా ఒక్కో మెట్టూ రాశాను. అడుగున ఇంకో రెండు వాక్యాలు. ఆయ్ అంటే మా జిల్లాలో అవుననీ, వింటున్నాననీ అర్థం. ఈ రికార్డింగు సుబ్రహ్మణ్యేశ్వరరావు గారు నా ఎదురుగా విని, రెండు గొంతులూ నావేనన్నారు. తేదీ వేసి సంతకం పెట్టాను.

"ఇది కంపెనీకి పంపండి. రికార్డింగు కూడా."

ఆయన చదివి, తన పేరున్న చోట వేలు పెట్టారు. "నన్నెందుకమ్మా ఇందులోకి."

"మీరు విన్నారు కదండి."

"చూద్దాం. లంచ్ టైమయ్యింది."

"తినండి. నేను కూర్చుంటాను."

కూర్చున్నాను. ఆయన క్యారేజీ విప్పారు. పెరుగన్నం, మాగాయ. "కొంచెం తింటారామ్మా?" అనడం మానలేదు. మీరు కానివ్వండన్నాను. ఎదురుగా ఒక మనిషి రెప్ప వేయకుండా కూర్చుంటే పెరుగన్నం కూడా గొంతు దిగదని తెలిసింది. సగం తిని మూత పెట్టేశారు. చేతులు కడుక్కొచ్చి, కాగితం స్కాన్ చేసి, మెయిల్లో పెట్టి, రికార్డింగు జతచేశారు. మానిటరు నా వైపు తిప్పమన్నాను. అడ్రసు ఒక్కో అక్షరం చదివాక పంపమన్నాను. పంపారు.

"నేను చేయగలిగింది చేసేను," అన్నారు. "క్షమాపణ మీద సంతకం లేదు కాబట్టి లిస్టులోంచి మీ పేరు తీసేయాలమ్మా. ఏమీ అనుకోకండి."

"అనుకుంటానండి. తీసేయండి."

ఆయన రిజిస్టరు తెరిచారు. స్కేలు పెట్టి నా పేరు మీద తిన్నగా ఒక గీత కొట్టారు. గీత చివర ఒక ఖాళీ గడి ఉంది. పైన 'కారణం' అని అచ్చయి ఉంది. పెన్ను అక్కడ ఆగిపోయింది.

"ఏం రాయమంటారమ్మా?" అన్నారు.

"మీకు తెలిసింది రాయండి," అని కుర్చీ ఇంకొంచెం ముందుకు జరుపుకున్నాను.