ఆరో చెంచా

తిరగేసిన మిషను కడుపులో అట్టలు కట్టిన గడ్డిని చెక్కముక్కతో గీకుతున్నాడు మెకానిక్. ఇనుపది పెడితే రంగు లేచిపోతుంది. రంగు లేచిన చోట తుప్పు కాపురం పెడుతుంది. అందుకని చెక్కముక్కే. గడ్డి పెళ్లలు పెళ్లలుగా ఊడి కింద పరిచిన గోనెసంచి మీద పడుతోంది. గీకడం అయ్యాక నూనెగుడ్డతో తుడిచి, అరచేత్తో లోపలంతా ఒకసారి తడిమి చూసుకున్నాడు. చేతికేమీ తగలకపోయేసరికి, "ఇక పడుకో తల్లీ" అన్నాడు. మిషన్లతో మాట్లాడటానికి అతనికి మొహమాటం లేదు. వచ్చిన చిక్కల్లా మనుషులతోనే.

చలి మొదలై గడ్డి పెరగడం ఆగింది. గడ్డి కోసేవీ, కంచె కత్తిరించేవీ, మట్టి తిరగేసేవీ, ఆకులు ఊదేవీ, ఊళ్లో తోటపని మిషన్లన్నీ ఈ రోజుల్లో అతని షెడ్డుకే చేరతాయి. మళ్లీ మొక్కలు చిగురేసేదాకా వాటి నిద్ర అతని పూచీ. ఎవరి మానాన వాళ్లను వదిలేస్తే అందరూ చేసే తప్పు ఒక్కటే. ట్యాంకులో పెట్రోలు అలాగే ఉంచి, మిషన్ని ఓ మూలకు నెట్టి, మరిచిపోతారు. ఆ పెట్రోలు నెలల తరబడి మురిగి, జిగురై, కార్బురేటరులోని సన్నటి రంధ్రాలను పూడ్చేస్తుంది. తీరా పని పడ్డాక తాడు లాగి లాగి భుజం నొప్పి తెచ్చుకుని, మిషన్ని తిడతారు. మిషను పాపం నోరులేనిది.

ఇవాళ అతని మనసు పనిమీద సగమే ఉంది. మిగతా సగం ఒక మాట చుట్టూ తిరుగుతోంది. ఆ మాట భార్యకు చెప్పాలి. ఇవాళే చెప్పాలి.

దీనికంతటికీ కారణం పక్క కొట్టు తాళాల మేస్త్రి. పోయిన నెల అతని భార్య పోయింది. నిన్న సాయంత్రం ఇద్దరూ కొట్లు మూస్తుంటే, ఏ ప్రశ్నా వేయకుండానే తాళాల మేస్త్రి అన్నాడు. "రోజూ మాట్లాడుకున్నామన్నా. బియ్యం గురించి, చుట్టాల గురించి, వాన గురించి. నీవల్ల సుఖపడ్డానని మాత్రం ఒక్కనాడూ అనలేదు. అంటే నా సొమ్మేం పోయేది?" మెకానిక్ తన కొట్టు తాళం సరిగ్గా పడిందో లేదో రెండుసార్లు లాగి చూశాడు. రాత్రంతా ఆ మాటే నెత్తిమీద కూర్చుంది.

పొద్దున కాఫీ తాగుతూ ఒకసారి ప్రయత్నించాడు. "ఏమోయ్" అన్నాడు. "ఏంటండీ" అంది ఆమె. "ఏం లేదు, కాఫీ బావుంది." ఆమె అతని మొహంలోకి చూసి, "ఒంట్లో బాగానే ఉందా?" అని నుదుటి మీద చెయ్యి వేసింది. అంతటితో ఆ ప్రయత్నం చెడింది.

పెళ్లయిన కొత్తలో ఆమెకు పెట్రోలు వాసన పడేది కాదు. అతను పెరట్లో సబ్బుతో మోచేతులదాకా తోముకుంటే గానీ గడప దాటనిచ్చేది కాదు. విప్పిన చొక్కా బయట తీగమీదే ఉండాలి. 'పెట్రోలు బంకును చేసుకున్నాను' అని చుట్టాల ముందు నవ్వుతూ అనేది. అలాంటి మనిషి ఇప్పుడు రోజూ మధ్యాహ్నం నుంచి పొద్దువాలేదాకా ఈ షెడ్డులో కూర్చుంటోంది.

చాలా ఏళ్ల కిందట అతనికి పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. పోతూ పోతూ అది అతని ముక్కులోంచి వాసన పట్టుకుపోయింది. అతనెవరికీ చెప్పలేదు. మెకానిక్కు వాసన తెలియదంటే మిషన్లెవరు తెస్తారు? ఓ మధ్యాహ్నం టీ కాచుకుందామని అగ్గిపెట్టె తీశాడు. సరిగ్గా అప్పుడే ఆమె అన్నం క్యారియరుతో గుమ్మంలోకి వచ్చింది. వస్తూనే ముక్కు చిట్లించి, క్యారియరు కింద పడేసి, అతని చేతిలో పుల్ల లాక్కుంది. మూలనున్న మిషను గొట్టం చీలి, పెట్రోలు అతని చెప్పుల కిందదాకా పారి ఉంది. అందులోనే నిలబడి కూడా అతనికి తెలియలేదు.

"ఎన్నాళ్లయింది?" అని మాత్రం అడిగింది ఆమె.

"జ్వరం తగ్గినప్పట్నుంచీ" అన్నాడు.

తిట్టలేదు, ఏడవలేదు. తలుపులు బార్లా తెరిచి, నేల మీద మట్టిపోసి ఊడ్చింది. ఒలికిన అన్నం ఎత్తి పారబోసింది. మర్నాటి నుంచి 'ఇంట్లో తోచడం లేదండీ' అంటూ షెడ్డుకు రావడం మొదలుపెట్టింది. ఇంట్లో ఆమెకు పని తెమిలేది కాదని అతనికి తెలుసు. తెలిసీ 'సరే రా' అన్నాడు. అంతే. ఆనాటి నుంచి ఏ డబ్బాలో పెట్రోలు మంచిదో, ఏది మురిగిందో, ఎక్కడ కారుతోందో అన్నీ ఆమె ముక్కే చెబుతుంది. వాసన పోయిన మనిషికి రుచీ సగం పోతుందని ఎవరూ చెప్పకుండానే కనిపెట్టి, కూరల్లో కారం, పులుపు ఓ చిటికెడు ముందుకు జరిపింది. ఇవన్నీ అతను చూశాడు, తిన్నాడు, బతికాడు. నోరు తెరిచి ఒక్క మాట అనలేదు.

మధ్యాహ్నం ఆమె వచ్చింది. క్యారియరు బల్లమీద పెట్టి, కొంగు నడుముకు దోపి, షెడ్డంతా ఒక చుట్టు చుట్టి గాలి పీల్చింది. రోజూ చేసే పనే. "ఏమీ లేదు, కూర్చోండి" అంది. వాళ్లు తిని చేతులు కడుక్కునేలోపే ఆస్పత్రి తోటమాలి గడ్డి మిషన్ని తోసుకుంటూ వచ్చాడు. ఈ ఏటికి అదే ఆఖరుది.

"పెట్రోలమ్మా, కాస్త వాసన చూసి పుణ్యం కట్టుకో" అన్నాడు. వీధిలో ఆమెకు ఆ పేరు స్థిరపడి చాలా కాలమైంది.

"నీ నోరు పడ! మంచి పేరే దొరకలేదా నాకు?" అంటూనే ఆమె ట్యాంకు మూత తిప్పి వంగింది. "ఇది వానాకాలం నాటిది. మందుల గదిలో దాచావా ఏంటి? రంగుడబ్బా కంపు కొడుతోంది."

తోటమాలి పళ్లికిలించాడు. "మెకానిక్ గారూ, మీ ఇంట్లో ఏదీ దాచలేరనుకుంటాను."

"ఒక్క చెంచా దాచారయ్యా" అంది ఆమె.

ఆ చెంచా చరిత్ర పెద్దదే. వంటింట్లో ఆరు చెంచాల జట్టు ఉండేది. అందులో ఒకటి మాయమైంది. మిషన్ని నిద్రపుచ్చేటప్పుడు ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో ఒక చెంచాడు ఇంజినాయిల్ పోయాలి. సరిగ్గా ఆ కొలతకు తగిన చెంచా ఒకటి షెడ్డులో నూనెడబ్బా వెనక ఎప్పుడూ ఉంటుంది. దాని కాడ మీద వంటింటి చెంచాలకున్న పువ్వే ఉంటుంది. ఎన్నిసార్లు అడిగినా అతను, "నీ చెంచా నాకెందుకు?" అనే అంటాడు. ఆమె కూడా చేయి చాచి తీసుకున్నది లేదు. అడగడం ఆమె వంతు, బుకాయించడం అతని వంతు.

తోటమాలి వెళ్లాక అతను మురిగిన పెట్రోలంతా డబ్బాలోకి వంపి, కార్బురేటరు విప్పి కడిగి, ట్యాంకులో గుక్కెడు మంచి పెట్రోలు పోసి మిషన్ని వాకిట్లోకి లాగాడు. ఇంజిను కాసేపు తిరిగి, ఉన్న చుక్కలన్నీ తాగేసి, తనంతట తనే ఆగిపోవాలి. అప్పుడే లోపల జిగురు కట్టదు. తాడు లాగాడు. రెండో లాగుకు అందుకుంది. వాకిలంతా చప్పుడుతో నిండిపోయింది.

ఆ చప్పుడులో అతనికి దారి దొరికింది. ఇప్పుడు చెప్పేస్తే సరి. చెప్పినట్టూ ఉంటుంది, ఆమె విననట్టూ ఉంటుంది. సిగ్గుపడాల్సిన పని లేదు. గుమ్మంలో పీటమీద కూర్చుని క్యారియరు గిన్నెలు తుడుస్తున్న ఆమెవైపు తిరిగి, గొంతెత్తి మొదలుపెట్టాడు. ఆ రోజు అగ్గిపుల్ల గురించి చెప్పాడు. తోచడం లేదని ఆమె ఆడిన అబద్ధం తనకు అప్పుడే తెలుసన్నాడు. పులుపు గురించి చెప్పాడు. ముక్కుతో సంపాదించి పెట్టిన ఇల్లాలు లోకంలో ఇంకెవరికీ లేదన్నాడు. చెబుతున్నకొద్దీ గుండె తేలికవుతోంది, గొంతు పెరుగుతోంది. ఆమె తలెత్తి, వినబడటం లేదన్నట్టు చెయ్యి తిప్పింది. అతను మరింత ధైర్యంగా అరిచాడు.

ఏ ఇంజిను ఎప్పుడు ఆగుతుందో దాని దగ్గు వినే చెప్పగల మనిషి. మాట మీద ధ్యాస పెట్టి ఇంజిను మీద ధ్యాస తప్పాడు. అది ఒక్కసారి గొంతు పెంచి, దగ్గి, టక్కున ఆగిపోయింది.

"...నీ పుణ్యమా అని బతికానే!"

వీధి వీధంతా వినబడింది. రేకుల మీద పావురాలు లేచిపోయాయి. తాళాల మేస్త్రి ఆకురాయి పట్టుకునే బయటికి తొంగిచూశాడు. మెకానిక్ నోరు తెరిచింది తెరిచినట్టే ఉండిపోయాడు. చెవులదాకా ఎర్రబడ్డాడు.

ఆమె చేతిలో గిన్నె పక్కన పెట్టింది.

"ఎందుకండీ అంత అరుపు? నాకేమన్నా చెవుడా?" అంది. కళ్లు తుడుచుకుంది. నవ్వింది కూడా. "మొదట్నించీ చెప్పండి. సగం వినబడలేదు."

అతను చెప్పాడు. మిషను పక్కనే నేలమీద కూర్చుని, మామూలు గొంతుతో, వరుస తప్పుతూ, మళ్లీ మొదటికొస్తూ, తాళాల మేస్త్రి అన్న మాటతో సహా అన్నీ చెప్పాడు. ఆమె వింటూనే గిన్నెలు క్యారియరులో సర్దింది. అంతా విన్నాక, "నాకు మాత్రం ఇక్కడ కాక ఎక్కడ తోస్తుంది చెప్పండి" అంది. అతనికి అంతకంటే ఏమీ అక్కర్లేకపోయింది.

పొద్దు వాలుతుంటే ఆమె క్యారియరు అందుకుంది. "నేను ముందు వెళ్లి పొయ్యి వెలిగిస్తాను. మీరు త్వరగా రండి." గుమ్మం దాటి, మళ్లీ వెనక్కి తిరిగింది. "ఇన్ని చెప్పారు గదా, ఆ చెంచా సంగతీ ఒప్పుకుంటే ఓ పనైపోయేది."

"ఏ చెంచా?" అన్నాడు అతను. ఆమె నవ్వుతూనే వీధి మలుపు తిరిగింది.

అతను మిగిలిన పని పూర్తిచేశాడు. మిషన్ని లోపలికి తోసి, పాత ఇంజినాయిల్ దించి కొత్తది పోశాడు. ప్లగ్గు విప్పి, రంధ్రంలో చెంచాడు నూనె వేసి, అది అంతటా పాకేలా తాడు మెల్లగా లాగాడు. ప్లగ్గు మళ్లీ బిగించి, తాడు బిగుసుకునేదాకా ఇంకోసారి లాగి, అక్కడ ఆపాడు. అక్కడ ఆపితే లోపలి ద్వారాలు రెండూ మూసుకుని తేమ చొరబడదు. దుప్పటి కప్పి, అంచులు దోపాడు.

ఆ తర్వాత చెంచాను కుళాయి కిందికి తీసుకెళ్లి సబ్బు పెట్టి తోమాడు. రెండుసార్లు తోమి, చొక్కా అంచుతో తుడిచి, పాత అలవాటు కొద్దీ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. ఏ వాసనా లేదు. శుభ్రమైందనుకుని జేబులో వేసుకున్నాడు. ఇంటికెళ్లాక ఆమె చూడకుండా మిగతా ఐదింటి పక్కన పెట్టేయాలి. ఆమె ఎప్పుడు కనిపెడుతుందో చూడాలి. తనలో తనే నవ్వుకుని, కాసేపు సేదదీరి వెళదామని గుమ్మం పక్క పీటమీద కూర్చుని గోడకు జారగిలబడ్డాడు. చివరి ఎండ మోకాళ్ల మీద పడుతోంది. ఒంట్లో హాయిగా ఉంది.

కొట్టు మూసి, కలిసి వెళదామని వచ్చిన తాళాల మేస్త్రి రెండుసార్లు పిలిచాడు. భుజం తట్టాడు. అప్పటికే మెకానిక్ ప్రాణం వెళ్లిపోయింది. మొహంలో నవ్వు ఇంకా అలాగే ఉంది.

చలి తగ్గి గడ్డి మళ్లీ పచ్చబడ్డాక ఆమె షెడ్డు తెరిచింది. ఎవరి మిషన్లు వాళ్లు వచ్చి తీసుకెళ్లారు. ఆమె ప్రతి ట్యాంకులో కొత్త పెట్రోలు పోయించి, వంగి వాసన చూసి, సరే అన్నాకే తాడు లాగనిచ్చింది. ఆస్పత్రి మిషను మొదటి లాగుకే అందుకుంది. తోటమాలి దాన్ని ఆపకుండా, ఆ చప్పుడులో ఆమెవైపు తిరిగి ఏదో అంటూ దణ్ణం పెట్టాడు. ఆమెకు వినబడలేదు, అయినా తల ఊపింది. నాకు అందాల్సిన మాట నాకు అందింది, తాళాల మేస్త్రి భార్యకు ఆ భాగ్యం లేకపోయింది అనుకుంది.

ఇంటికొచ్చి వంటింట్లో దీపం వేసింది. ఆ సాయంత్రం తాళాల మేస్త్రి ఆయన జేబులోంచి తీసి ఇచ్చినది గూట్లోనే ఉంది. మిగతా ఐదింటిని ఆమె రోజూ తోముతుంది. ఆరోదాన్ని మాత్రం ఇంతవరకూ తోమలేదు. సబ్బు వాసన కింద దానికింకా సన్నగా ఇంజినాయిల్ వాసన ఉంది.