రొయ్యలకు దక్కిన చల్లదనం

నేను ఒక చిన్న ఫ్యాన్ని. లారీ కేబిన్లో డ్రైవరు తల పక్కన బిగించే రకం. ఢిల్లీలో ఒక ఇరుకు షెడ్డులో నా రెక్కలు పోతపోశారు. రాజమండ్రి హైవే పక్క దుకాణంలో దాలయ్య నన్ను సొంత డబ్బు పెట్టి కొన్నాడు. లారీ ఓనరు సత్తిబాబుగారిని అడిగితే కిటికీ ఉంది కదా అన్నారట.

దాలయ్యది టెక్కలి దగ్గర పల్లె. ఇరవై రెండేళ్లుగా స్టీరింగు పట్టినవాడు. భీమవరం నుంచి కోల్‌కతా వైపు రొయ్యలు తోలేవాడు. వెనక సరుకు పెట్టెకు పెద్ద కూలింగ్ మిషను ఉండేది. దాన్ని చూస్తే నాకు మొదటి రోజు నుంచీ ఒళ్లు మంట. దానికి వేరే డీజిలు ట్యాంకు, నెలనెలా సర్వీసు, కాకినాడ నుంచి మెకానిక్కు. నా రెక్క పగిలితే దాలయ్యే టేపు చుట్టాడు. ఓనరు గంటగంటకూ ఫోను చేసేది దాని క్షేమం కనుక్కోవడానికే. ఒకే ఇంటి తోడికోడళ్లలా ఒకే బండిలో ఉన్నాం, ముద్దుమురిపాలన్నీ దానికే.

కుళ్లుకునేది నేనొక్కదాన్నే అనుకున్నాను. ఒడిశా ఎండలో చెమట పిండుకుంటూ దాలయ్య అద్దంలోంచి ఆ పెట్టెకేసి చూసే చూపు గమనించాక, నాకు తోడు దొరికిందని తెలిసింది.

ఆ మే నెలలో కోల్‌కతా దగ్గర ఒక కోల్డ్ స్టోరేజీ గేటు బయట మమ్మల్ని మూడు రోజులు నిలబెట్టారు. లోపల ఖాళీ లేదట. చుట్టుపక్కల చెట్టు నీడ లేదు. లోపలి కుళాయి, మరుగుదొడ్డి డ్రైవర్లకు కావన్నాడు కాపలావాడు. బండి వదిలి దూరం పోతే వరస పోతుంది. నేను గిర్రున తిరిగాను గానీ, విసిరింది వడగాలినే. రేకు గోడకు అవతల రొయ్యలు మంచులో హాయిగా పడుకున్నాయి. చచ్చినవాటి మీద కూడా అసూయపడ్డాను, దాచడమెందుకు.

రెండో రోజు మధ్యాహ్నం ఓనరు ఫోను చేశారు.

"పెట్టెలో ఎంతుంది దాలయ్యా?"

"మైనస్ పద్దెనిమిదండి. కేబిన్లోన నలభై ఆరున్నాదండి."

"నేనడిగింది పెట్టె సంగతయ్యా," అని ఆయన పెట్టేశారు.

మూడో రోజు దాలయ్య నీళ్ల కోసం దిగి, చక్రం పక్కనే కూలిపోయాడు. వెనక లారీ నడిపే ఖమ్మం ఇమామ్ సాబ్ అతన్ని బండి కింద నీడలోకి లాగి, ముఖాన నీళ్లు కొట్టి, ఉప్పు కలిపిన నీళ్లు తాగించాడు. ఈలోగా కేబిన్లో ఫోను మోగి మోగి ఆగింది. చాలాసేపటికి ఇమామ్ సాబే ఎత్తి, "మనిషి పడిపోయిండు సార్," అన్నాడు. అవతల నుంచి వచ్చిన మొదటి ప్రశ్న, మిషను నడుస్తోందా అని.

సరుకు చెక్కుచెదరకుండా దిగింది. భీమవరం చేరాక, నాలుగు గంటలు ఫోనెత్తనందుకు దాలయ్య జీతంలో రెండు వేలు కోశారు. గేటు దగ్గర ఆగిన రోజులకు బత్తా అడిగితే, బండి నడవని రోజుకు డబ్బేమిటన్నారు. దాలయ్య గొంతు పెంచలేదు.

"బండి ఆగినాదండి. నాను ఆగనేదు. మూడ్రోజులూ మీ రొయ్యల్ని కాసినాను," అని తాళాలు బల్ల మీద పెట్టాడు. కేబిన్లోకి వచ్చి నన్ను విప్పి సంచిలో వేసుకున్నాడు.

లారీ బ్యాటరీతో తిరిగేదాన్ని, ఇంటి కరెంటుకు నేను పనికిరాను. ఐదు నెలలు గోడ మేకుకు వేలాడాను. దాలయ్య మీద సత్తిబాబుగారు చెప్పిన చెడ్డమాట మిగతా ఓనర్లకూ చేరడంతో దాలయ్యకూ పని దొరకలేదు. చివరికి విశాఖలో ఒకాయన కొత్త లారీ ఇచ్చాడు. దాని కేబిన్లోనే ఏసీ ఉందని దాలయ్య భార్య గౌరమ్మ వీధంతా చెప్పుకుంది. నన్ను మేకు మీదే వదిలి అతను వెళ్లిపోయాడు. చూడని ఆ ఏసీని రాత్రీ పగలూ తిట్టుకున్నాను.

మొదటి ట్రిప్పు ముగించి వచ్చిన దాలయ్య తిన్నగా నా దగ్గరికొచ్చి దుమ్ము తుడిచాడు. ఇదెందుకని గౌరమ్మ అడిగింది.

"ఏసీ ఏత్తే డీజిలు తాగుతాదని, దాని బెల్టు ఇప్పేసినారు," అన్నాడు.

ఇప్పుడు ఆ ఏసీ పక్కనే ఉన్నాను. దాని మీద ప్లాస్టిక్కు కవరు కూడా ఇంకా తీయలేదు. జీవితంలో మొదటిసారి నాకు పోటీ లేదు. అయినా దాలయ్య మెడ మీద చెమట ఆరడం లేదు. ఎవరైనా ఆ బెల్టు తిరిగి బిగిస్తే నేను మళ్లీ మేకుకు ఎక్కుతాను. ఎక్కుతాను, ఫరవాలేదు. బిగించండి.