తెగిన వైరు సినిమా

మూడో తట్టలో ఆకు చల్లుతుండగా పెట్టెలో ఒక బూర తుమ్మినట్టు మోగింది. తిమ్మరాయప్ప చెయ్యి ఆగలేదు గాని, పెదవి ఒక పక్కకు లాగింది.

“బస్సు తప్పిపోయె వానికి,” అన్నాడు పురుగులతో.

పురుగులు వినిపించుకోలేదు. కోసి తెచ్చిన మల్బరీ ఆకు మీద పడి, రేకుల కప్పు మీద జడివాన కురిసినట్టు నములుతున్నాయి. బైరకూరులో, తిమ్మరాయప్ప పనిచేసే ఆసామి బచ్చప్ప పట్టుపురుగులకు సంగీతజ్ఞానం ఉందని వాడుక. తబలా మోగితే ఎడమకూ, ఫిడేలు మోగితే కుడికీ తలలూపుతాయట. వాటి పట్టుతో నేసిన చీర కట్టుకున్న ఒకావిడకు, పెళ్ళిలో నాదస్వరం మొదలవగానే చెంగు దానంతటదే ఊగిందట. చెప్పినవాడు బచ్చప్ప కాబట్టి సగం తీసేయాలి. తీసేసినా ఇంకా చెంగు మిగులుతుంది.

సంగీతం మాత్రం నిజం. తిమ్మరాయప్ప చెల్లెలి కొడుకు మునేష్ ఒకసారి వచ్చి, “నవ్వుల సినిమా మామా, పొద్దుపోతాది,” అని మామ మీటల ఫోనులో సినిమా శబ్దమంతా ఎక్కించి, ఒక చిన్న స్పీకరు పెట్టె తగిలించి పోయాడు. బొమ్మ లేదు. కొన్నాళ్ళకు వైరు లోపల ఎక్కడో తెగింది. అప్పటి నుంచి మాటలు మాయమై, వాయిద్యాలే మిగిలాయి. మనుషుల గొంతులు ఎక్కడో పాతబావి అడుగున గొణిగినట్టు వినిపించేవి, అంతే. తిమ్మరాయప్పకు అదేమీ లోటనిపించలేదు. మాటలు తానే వేసుకున్నాడు.

బూర తుమ్మితే ఒకడికి బస్సు తప్పుతుంది. డోలు దడదడలాడితే వాడు దాని వెంట పరుగెడతాడు. పిల్లనగ్రోవి అడుగులో అడుగేస్తే యజమాని కన్ను కప్పి గోడవార నడుస్తాడు. చివరికి ఫిడేలు ఒక్కటే, ఊపిరి బిగబట్టి, సాగుతుంది. అక్కడ వాడి చెల్లెలు తలుపు తీస్తుంది. చెంబుతో నీళ్ళిస్తుంది. ఆ చోటు వచ్చినప్పుడల్లా తిమ్మరాయప్ప తట్ట పక్కన నిలబడి, చేతిలో ఆకు చేతిలోనే ఉంచుకునేవాడు.

సన్నటి మనిషి. తట్టల వరసకు అలవాటుపడి నడుము ఆ ఎత్తుకే వంగిపోయింది. గోళ్ళ సందుల్లో ఆకుపసరు నల్లగా ఇంకిపోయింది. గడప దగ్గర మందునీళ్ళలో ముంచి ముంచి పాదాలు తెల్లబడ్డాయి. ఎండ చూడని ఒళ్ళు కూడా పురుగు రంగుకే దిగింది. ఇంకొన్నాళ్ళుంటే వీడూ గూడు కడతాడని ఊళ్ళో నవ్వేవారు. పొగాకు తాగడు, వాసననూనె రాయడు. పురుగులకు పడదు.

ఇంకోటి కూడా పడదు. మొదటి మేత పెట్టిన చెయ్యే గూడు కట్టేదాకా పెట్టాలి. ఆ చెయ్యి పంట మధ్యలో జబ్బుమనిషి మంచం తాకకూడదు, చావింటి గడప తొక్కకూడదు. తొక్కితే ఆ పంటలోకి తిరిగి రాకూడదు. ఒక పంట దిగితే కడుగుడు, సున్నం, మళ్ళీ కొత్త పురుగుపిల్లలు. పురుగులు మేత మాని పడుకునే రోజులను జ్వరం అంటారు. రాయల్పాడులో ఉన్న చెల్లెలు మునివెంకటమ్మ మొగుడు పోయినప్పుడు పురుగులు నాలుగో జ్వరంలో ఉన్నాయి. తిమ్మరాయప్ప పోలేదు. తరువాత పోదామనుకున్నాడు. తరువాత ఇంకో పంట వచ్చింది.

ఆ ఉదయం సంగీతం తెగి ఫోను మోగింది. మునేష్.

“మామా, అమ్మ ఇంగ లేచేట్టు లేదు. నీ పేరే చెప్తా ఉండాది. ఒకతూరి వచ్చి పో.”

బచ్చప్ప గుమ్మం బయటే నిలబడి విన్నాడు. చెడ్డవాడు కాడు, అదే చిక్కు.

“రేపో మన్నాడో పండుతాయి కదా తిమ్మరాయా. ఈ పంట అయిపోనీ. నేనే బండిలో దింపుతాను. నీ చెల్లెలు యాడికి పోతాది?”

“అట్లే అప్పా,” అన్నాడు తిమ్మరాయప్ప. ఆ మాట ఆ నోట ఎంత నలిగిందంటే, తలుపు గొళ్ళెంలా దానంతటదే పడింది.

మధ్యాహ్నం బచ్చప్ప కోడలు అర్పిత ముద్ద, ఉలవచారు తెచ్చింది. కాళ్ళు ముంచి లోపలికొచ్చి, కొంగులోంచి ఒక కొత్త వైరు తీసింది.

“నిన్న ముళబాగిలు పోయింటి కదా తాతా, నీ కోసరం తెచ్చినాను. ఎన్నాళ్ళు వింటావు ఆ బావిలో పాట?”

వద్దనేలోపే పాత వైరు ఊడబెరికి కొత్తది గుచ్చింది. పెట్టె నిండా మనుషులు వచ్చిపడ్డారు. ఒకడు అరుస్తాడు, ఒకతె తిడుతుంది, పదిమంది పగలబడి నవ్వుతారు. బూర తుమ్మింది. బస్సు లేదు. ఎవరో ఎవరిదో చెంప పగలగొట్టారు. డోలు మోగినంతసేపూ అదే. తిమ్మరాయప్ప ముద్ద తుంచి పట్టుకుని, మింగకుండా, ఫిడేలు కోసం కాచుకున్నాడు.

ఫిడేలు వచ్చింది. దాని కింద ఒకడు తలుపు బాదుతున్నాడు. “తియ్యండయ్యా, నేను లోపలున్నాను,” అని ఏడుస్తున్నాడు. బయట నవ్వులు.

“ఎవరమ్మా వాడు?”

“ఆ ఇంట్లో పనోడు తాతా. సామాన్ల రూములో పెట్టి బీగం వేసినారు. వాని మొగం చూస్తే కడుపు చెక్కలయ్యేట్టు నవ్వొస్తాది.”

“ఎప్పుడు వస్తాడు బయటికి?”

అర్పిత ఆలోచించింది. సినిమా రెండుసార్లు చూసిన పిల్ల. “రాడనుకుంటా. వాణ్ణి మరిచేపోతారు. అందరూ పెండ్లికి పోతారు, సినిమా అయిపోతాది.”

తిమ్మరాయప్ప ముద్దను పళ్ళెంలో పెట్టేశాడు. తట్టల వైపు తిరిగాడు. నడితట్టలో ఒక పురుగు మేత మాని, పసుపుబారి, తల పైకెత్తి ఇటూ అటూ ఊపుతోంది. గూటికి చోటు వెతుక్కుంటోంది. దాని పక్కన ఇంకొకటి.

“ఇట్ల రామ్మా. చెయ్యి పట్టు.” ఆమె అరచేతిలో ఆ పురుగును పెట్టాడు. “చల్లంగా ఉండాదా? గాజుమాదిరి లోపల కనబడతా ఉండాదా? ఇదే పండింది. నొక్కకుండా ఎత్తి చంద్రికలో వదులు. మిగతా పని అదే చేసుకుంటాది.”

గూళ్ళు కట్టే వెదురు చంద్రికలు గోడకు చేర్చి ఉన్నాయి. ఒక్కొక్కటే దులిపి వరసగా పరిచాడు. సాయంత్రం మేత తానే వేశాడు. పండినవి ఏరడం పక్కన నిలబడి చేయించాడు. ఆమె ఒకదాన్ని గట్టిగా పట్టుకుంటే, “అది మీ అత్త జడ కాదు తల్లీ,” అన్నాడు. అర్పిత నవ్వింది. ఆ తరువాత ఆయన కొత్త వైరు పీకి చిక్కుపడకుండా చుట్టి మేకుకు తగిలించి, పాతదాన్ని మళ్ళీ గుచ్చడం చూసి, నవ్వు ఆపింది.

“తాతా, చెయ్యి మారితే పంట చెడతాదంటారే.”

“నన్ను నమ్మి ఇన్ని పంటలు బాగుపడినాయి. ఒక్కటి నిన్ను నమ్మనీ.”

“మామయ్య అడిగితే ఏమని చెప్పేది?”

తిమ్మరాయప్ప తువ్వాలు భుజాన వేసుకున్నాడు. గడప దగ్గర, లోపలికి వచ్చేవాళ్ళు మాత్రమే ముంచే మందునీళ్ళలో, అలవాటున పోతూ పోతూ రెండు కాళ్ళూ ముంచాడు. చూసుకుని తనే నవ్వుకున్నాడు.

“బస్సు దొరికిందని చెప్పమ్మా.”

మట్టిలో తడిపాదాల గుర్తులు రోడ్డు వరకు పోయాయి. దీపాల వేళ బచ్చప్ప వచ్చేసరికి అవి ఆరిపోయాయి. ఆయన గుమ్మంలో నిలబడి, “తిమ్మరాయా,” అన్నాడు. లోపల కోడలు అరచేతిలో పురుగుతో తిరిగి చూసి, చెప్పమన్న మాట చెప్పింది. బచ్చప్ప తన ఫోను తీసి నొక్కాడు. చంద్రికల మధ్య సంగీతం ఒక్కసారి ఆగి, తిమ్మరాయప్ప వదిలిపోయిన ఫోను మోగింది. మోగి మోగి ఊరుకుంది.

సినిమా మళ్ళీ అందుకుంది. తట్టల్లో పండిన పురుగులు తలలెత్తి ఊగుతున్నాయి. పెట్టెకు వేలాడుతూ, తెగిందనుకున్న చోట పట్టుదారం చుట్టిన ఆ పాత వైరు, మాటలన్నీ మింగేసి, ఫిడేలు ఒక్కటే వదులుతోంది.