ముందు కుర్చీ

జీనత్ నన్ను చూస్తే వీధి మారుతుంది. మారే వీలు లేని సందులో ఎదురైతే నేల మీద ఉమ్మి, కొంగు సర్దుకుని పోతుంది. మాచర్లలో బట్టల కొట్టు బ్రహ్మయ్యంటే తెలియనివాళ్ళు లేరు. నా కొట్లో గుడ్డ కొనని ఇల్లంటూ ఉంటే అది ఆ పిల్లదే. "ఇరవయ్యేళ్ళు రాలేదు, దానికంత పొగరేందండీ" అని మా ఆవిడ రమాదేవి ఇప్పటికి నూరుసార్లు అడిగింది. నేను తానులు సర్దుకుంటున్నట్టు నటిస్తాను.

జీనత్ తండ్రి మౌలాలీ, నేను వీధిబడిలో ఒకే పలక మీద దిద్దుకున్నాం. వాళ్ళు దూదేకులవాళ్ళు. వాళ్ళ తాత సన్నాయి వాయించాడు, తండ్రి సన్నాయి వాయించాడు, వీడు మాత్రం క్లారినెట్టు పట్టాడు. హార్మోనియం అబ్దుల్ రహీమ్‌ని, ఒక ఫిడేలుని, డోలక్‌ని, ఇంకో ముగ్గుర్ని పోగేసి సెట్టు కట్టాడు. పెళ్ళిళ్ళలో వాయించేది పొట్టకోసం. సినిమా పాటల కచేరీ మాత్రం వాడి ప్రాణం.

అప్పటికి మా ఊళ్ళో సినిమా లేదు. నరసరావుపేటలో సినిమా డేరా పడిందని తెలిస్తే మేమిద్దరం రైలెక్కేవాళ్ళం. మూడు రోజులుండి ఒకే సినిమాని ఐదారు ఆటలు చూసేవాళ్ళం. చూసేవాళ్ళమని నా మాట, వాడు చూస్తేగా! కళ్ళు మూసుకుని, మోకాలి మీద వేళ్ళాడిస్తూ కూర్చునేవాడు. పాటల పుస్తకం పట్టుకుని మాటలు అందించడం నా పని.

"ఒరేయ్, ఆ యమ్మి ఎట్టా ఏడుస్తుందో చూడరా" అనేవాణ్ణి.

"ఏడవనీరా శెట్టీ. నేను ఫిడేళ్ళు వింటన్నా" అనేవాడు.

తిరిగొచ్చి వారంపాటు సాధన చేసి, ఒక ఆదివారం మిరపకొట్ల ఆవరణలో నాపరాళ్ళ అరుగెక్కి వాయించేవాళ్ళు. దుర్గి నుంచి, కారంపూడి నుంచి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్ళు జనం. మా వైపు బొమ్మ చూసినవాళ్ళు పదిమందైతే పాట విన్నవాళ్ళు ఊరంతా. పట్నంలో ఎవరు పాడారో, ఎన్ని ఫిడేళ్ళు పెట్టారో మాకెవరికీ పట్టదు. మాకు అది మౌలాలీ పాట.

ఇక్కడ ముందు కుర్చీ సంగతి చెప్పాలి. పల్నాటివాళ్ళకి పౌరుషం పాట దగ్గర కూడా ఆగదు. మొదట్లో ఒక పార్టీవాళ్ళు ఒక పాటకి వన్స్‌మోర్ అంటే, రెండో పార్టీవాళ్ళు తర్వాతి పాటకి రెండుసార్లు అనేవాళ్ళు. అట్లా ఒకసారి తలకాయలు పగిలాయి. అప్పుడు పెద్దలు కూర్చుని ఒక కట్టుబాటు పెట్టారు. ఎవరెంత అరిచినా సరే, ముందు వరసలో మధ్య కుర్చీలో ఉన్న మనిషి కండువా పైకెత్తితేనే పాట మళ్ళీ వాయించాలి. ఎత్తకపోతే తర్వాతి పాటకి పోవాలి. ఏ పార్టీలోనూ లేనివాణ్ణని, పాట తెలిసినవాణ్ణని ఆ కుర్చీ నాకిచ్చారు. చెప్పడానికి సిగ్గెందుకు, ఆ కుర్చీలో కూర్చుంటే నాకు జమీందారీ వచ్చినట్టుండేది.

యుద్ధం రోజుల్లో, నలభై నాలుగులో, మౌలాలీకి దగ్గు పట్టుకుంది. ఎండుమిరపకాయల ఘాటని కొన్నాళ్ళు, చలి అని కొన్నాళ్ళు గడిపాడు. గుంటూరు తీసుకుపోతే డాక్టరు ఊపిరితిత్తుల్లో క్షయ అన్నాడు. పాలు, గుడ్లు, విశ్రాంతి, ఇంతకు మించి మందు లేదన్నాడు. క్లారినెట్టు నోట పెట్టొద్దన్నాడు. ఏడాదిపాటు వీడు దాన్ని ముట్టుకోలేదు. గుడ్డలో చుట్టి దూలం మీద పెట్టాడు.

ఆ ఏడాది చివర నరసరావుపేట సెట్టు ఒకటి మా ఊరొచ్చి వాయించింది. బాగానే వాయించారు. నేను ఐదుసార్లు కండువా ఎత్తాను. మౌలాలీ పని అయిపోయింది, ఇక ఈళ్ళే అన్నారు జనం. ఆ మాట వాడి చెవిన పడింది. మర్నాడే దూలం మీది మూట దించాడు. ఒక్క కచేరీ చేసి ఆ తర్వాత జన్మలో ముట్టనన్నాడు. ఇంట్లో ఎంత ఏడ్చినా వినలేదు.

కచేరీ ఇంకా రెండు రోజులుందనగా వాడి భార్య మాబున్నీసా నా కొట్టుకొచ్చింది. వెంట పద్నాలుగేళ్ళ జీనత్. జాకెట్టుగుడ్డ చూపించమంది. గుడ్డకి కంట్రోలు పెట్టిన రోజులు, చూపించడానికి నా దగ్గర మాత్రం ఏముంది? ఆమె చూడనూ లేదు.

"అన్నా, ఎనిమిది పాటలంట. మద్దెలో రెండు రహీమ్ హార్మోనీ మీద లాక్కొస్తాడంట. ఒక్కొక్కటి ఒక్కసారైతే ఎట్టాగో గట్టెక్కుతాడు. నువ్వు కండువా ఎత్తమాక."

"ఎత్తకపోతే వాడు నన్ను బతకనిస్తాడా అమ్మా?"

"నిన్ను బతకనీయకపోతే మానె, ఆయన బతుకుతాడు గదన్నా." ఆమె వంగి నా కాళ్ళు పట్టుకోబోయింది. నేను వెనక్కి జరిగాను. "నేను అడిగినట్టు ఆయనకి చెప్పమాక. చెబితే పంతానికి పోయి పదహారు వాయిస్తాడు."

బట్టల బేరగాళ్ళకి గుడ్డ కొలిచే గజంబద్ద కంటే పెద్ద ఒట్టు లేదు. దాని మీద చెయ్యేసి ఎత్తనని చెప్పాను. జీనత్ నా చేతి వంకే చూస్తూ నిలబడింది. అప్పటికి నన్ను మామా అని పిలిచేది.

పెట్రోమాక్సులకి కిరసనాయిలు దొరకని రోజులు గనక కచేరీ సాయంత్రం నాలుగింటికే మొదలుపెట్టారు. ఆవరణ నిండిపోయింది. కుడిపక్క ఆడవాళ్ళకి తడికెలు కట్టారు. మౌలాలీ తెల్ల జుబ్బా వేసుకుని అరుగెక్కాడు. జుబ్బా పాతదే, అందులో మనిషే సగమయ్యాడు. నేను ఎప్పటిలా ముందు కుర్చీలో కండువా మడిచి ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాను.

మొదటి పాటకే వన్స్‌మోర్ అన్నారు. నేను కదల్లేదు. వాడు నవ్వి రెండోదానికి పోయాడు. మూడో పాటకి ఆవరణ దద్దరిల్లింది. "శెట్టిగారికి కునుకు పట్టినట్టుందిరోయ్!" అని వెనక నుంచి ఎవడో కేక పెట్టాడు. అందరూ నవ్వారు. నాలుగో పాటకి వాడు క్లారినెట్టు దించి నా వంక చూశాడు. చూసి, నేను ఒళ్ళోంచి చెయ్యి తియ్యకపోయేసరికి తల తిప్పుకున్నాడు. రెండు పిడికిళ్ళతో ఆ కండువాని నలుపుతూ కూర్చున్నాను. గెలిచిన మనిషిని ఓడిపోయాడనుకునేట్టు చేస్తున్నానని నాకు తెలుసు.

నాలుగో పాట తర్వాత సోడాలకి ఆపారు. మౌలాలీ తిన్నగా నా దగ్గరికొచ్చాడు. జుబ్బా వీపంతా చెమటతో తడిసిపోయింది.

"ఏందిరా, చెయ్యి పడిపోయిందా నీకు?"

"పొద్దు గూకుతుంది. పాటలన్నీ అవ్వాల గదా" అన్నాను.

"అబద్ధం నీకు చేతకాదు. కొట్లో ఎట్టా బతుకుతున్నావో ఏందో!" అని నవ్వబోయి దగ్గాడు. దగ్గు ఆగేదాకా నా కుర్చీ పట్టుకుని నిలబడ్డాడు. "పేటోళ్ళకి ఐదుసార్లు ఎత్తావంట. నాకు ఐదొద్దు. ఒక్కటి. ఒక్కటి ఎత్తరా. లేకపోతే రేపు ఈ ఊరు నన్ను చచ్చినోళ్ళలో లెక్కేస్తది."

నాకు కోపమొచ్చింది. వాడి మీద, వాడి పెళ్ళాం మీద, గుంటూరు డాక్టరు మీద, ఆ గజంబద్ద మీద. "పోయి వాయించుకోరా" అన్నాను. ముప్ఫై ఏళ్ళ స్నేహంలో నేను వాడితో అన్న చివరి మాట అదే.

ఎనిమిదో పాట జోల. సినిమాలో ఇంట్లో గింజ లేని తల్లి, ఆకలికి ఏడ్చే బిడ్డని నిద్రపుచ్చుతూ పాడుతుంది. బిడ్డ నిద్రపోయాక కూడా ఆమె పాట ఆపదు. అక్కడ ఏడెనిమిది ఫిడేళ్ళు మోగితే ఇక్కడ ఒక్కటే. మౌలాలీ సగం దాకా చాలా మెల్లగా, బిడ్డ లేస్తుందేమోనన్నట్టు వాయించాడు. చివర ఆ తల్లి పాట ఆపకుండా సాగదీసేచోట ఫిడేలు ఆగిపోయింది, హార్మోనియం ఆగిపోయింది, వాడి ఊపిరొక్కటే మిగిలింది. ఆ ఊపిరి వాడికి ఎక్కడిదో నాకు ఇప్పటికీ తెలియదు. రెండు పార్టీల పెద్దలూ కండువాలతో కళ్ళు తుడుచుకున్నారు.

పాట అయింది. అప్పుడు తడికె వెనక నుంచి ఒక ఆడగొంతు "వన్స్‌మోర్!" అంది. మా ఊళ్ళో ఆడవాళ్ళు కచేరీలో నోరెత్తడం అదే మొదలు. ఆ వెంటనే ఆవరణంతా లేచింది.

మౌలాలీ నా వంక చూస్తున్నాడు. వాడి మీద జాలిపడి ఎత్తానని చాలాకాలం నాకు నేనే చెప్పుకున్నాను. అది నిజం కాదు. ఆ క్షణంలో నాకు మాబున్నీసా గుర్తు లేదు, ఒట్టు గుర్తు లేదు, వాడి జబ్బూ గుర్తు లేదు. ఆ చివరి ఊపిరి ఇంకోసారి వినాలి, అంతే. నాకు తెలిసేలోపే కండువా పైకి లేచింది.

వాడి మొహం చూడాలి అప్పుడు. పళ్ళన్నీ కనబడేట్టు నవ్వాడు. క్లారినెట్టు మూతి జుబ్బాకి తుడుచుకుని మళ్ళీ ఎత్తుకున్నాడు. ఈసారి ఇంకా బాగుంది. చివర ఆ సాగదీసేచోటికి వచ్చి, సగంలో ఆపేశాడు. జనానికి వీపు పెట్టి దగ్గాడు. "మిరప ఘాటులే" అన్నారు ఎవరో. అబ్దుల్ రహీమ్ హార్మోనియం వదిలేసి పరుగెత్తి పట్టుకునేసరికి జుబ్బా ముందంతా ఎర్రగా అయింది, కింద నాపరాయి మీద కూడా. దూరాన కూర్చున్నవాళ్ళకి అది కనబడలేదు. వాళ్ళింకా చప్పట్లు కొడుతూనే ఉన్నారు.

తొమ్మిదో రోజు పోయాడు. వాడి ఇంటి ముందు ఊరంతా ఉండగా జీనత్ నా ఎదురుగా వచ్చి నిలబడింది.

"మా అమ్మ నీ కాళ్ళు పట్టుకుంది. బద్ద మీద ఒట్టేశావు. ఎందుకెత్తావు?"

ఆ పిల్ల నా కాళ్ళ దగ్గర ఉమ్మింది. ఎవరూ తప్పనలేదు.

నలభై రోజులు గడిచాక, ఒక ఉదయం, మాబున్నీసా దగ్గరికి వెళ్ళాను. జీనత్ నీళ్ళకి పోయింది. మాబున్నీసా వసారాలో కూర్చుని పరుపులోకి దూది ఏకుతోంది. అరుగు మీద కూర్చుని, తలెత్తకుండా, మాట తప్పానమ్మా, నన్ను ఏం చేసినా పడతాను అన్నాను. ఆమె చాలాసేపు ఏకుతూనే ఉంది.

"అన్నా, తడికె ఎనక అరిచింది ఎవురనుకున్నావు?"

నేను తలెత్తాను.

"నేనే. సమచ్చరం నుంచి ఈ ఇంట్లో దగ్గు తప్ప ఇంకోటి ఇనలా. రాత్రీ పగలూ దగ్గే. ఆయాల పాట ఇన్నా. ఆయనకి బాగయిపోయిందనుకున్నా. ఇంకోసారి ఇనాలనిపించింది." ఆమె చేతులు ఆగిపోయాయి. "నీ చెయ్యి తర్వాతన్నా. నా నోరు ముందు."

నా గుండె తేలికైంది. దాచను, ఆ మాట విన్నప్పుడు నలభై రోజుల బరువు దిగిపోయి హాయిగా ఊపిరి పీల్చుకున్నాను. ఆ పీల్చుకున్న ఊపిరికి నన్ను నేను ఇంతవరకూ క్షమించుకోలేదు.

"పిల్ల ఆయాల ఇంటికాడే ఉంది, దానికి తెలవదు. చెప్పమాకన్నా. దానికి నాయన లేడు. అమ్మన్నా ఉండాల. అది నిన్నే తిట్టుకోనీ."

చెప్పనన్నాను. ఈసారి బద్ద లేదు.

అప్పుడే జీనత్ బిందెతో వచ్చింది. నన్ను చూసి, నేను లేచి వీధిలోకి దిగేదాకా ఆగి, ఆ బిందెడు నీళ్ళూ నేను కూర్చున్నచోట కుమ్మరించి చీపురు పట్టుకుంది. మాబున్నీసా తల వంచుకుంది. మళ్ళీ దూది ఏకుతోంది.

ఐదేళ్ళు గడిచాయి. ఆ కుర్చీలో నేను మళ్ళీ కూర్చోలేదు. కచేరీ ఉంటే పోతాను, వెనక గోడకి ఆనుకుని నిలబడతాను. కండువా ఇంట్లో పెట్టిపోతాను.

పోయిన నెల మాబున్నీసా చనిపోయింది. కబురు విని వెళ్ళాను. ఇప్పుడిక ఆ మాట దాచాల్సిన పని లేదని దారంతా అనుకుంటూ వెళ్ళాను. జీనత్ గుమ్మంలో ఉంది, చంకలో బిడ్డ. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచిపోయాయి.

"మా నాయన్ని చంపావు. ఆ దిగులుతోనే మా అమ్మా పోయింది. చానా చల్లగా ఉందా నీకు?"

నోరు తెరిచాను. లోపల మాబున్నీసా చాప మీద ఉంది. మొహం నా వైపే ఉంది.

"తప్పు నాదేనమ్మా. కండువా ఎత్తింది నేనే" అన్నాను.

జీనత్ ఉమ్మింది. నేను వెనక్కి తిరిగి నడిచాను. మౌలాలీ అన్నట్టు నాకు అబద్ధం చేతకాదు. ఆ పిల్లకి నిజమే చెప్పాను, సగం.