ఆనుకోనివ్వని స్టూలు

నేను ఒక స్టూలును. టేకుచెక్కతో నన్ను విశాఖపట్నంలో ఒక వడ్రంగి చేశాడు. అతను వెనక ఆనుడుచెక్క బిగించబోతుంటే, నన్ను చేయించిన ఆర్కిటెక్టు జగ్గారావుగారు వద్దన్నారు. "ఆనుకుంటే కునుకొస్తుందోయ్. కునికేవాడు గీతేం గీస్తాడు?" అన్నారు. అలా నేను వెన్ను లేకుండానే పుట్టాను.

నామీద మొదట కూర్చున్నది ఆయన శిష్యుడు పరాంకుశం. అప్పటికి మీసమైనా సరిగా రాని కుర్రాడు. గురువుగారు ఇంటికి వెళ్లేదాకా అతను నామీంచి దిగడానికి లేదు. ఒకరోజు తండ్రికి జబ్బు చేసిందని కబురొస్తే, "ఆ మెట్ల ప్లాను పూర్తిచేసి వెళ్లు" అన్నారు గురువుగారు. పూర్తిచేసే వెళ్లాడు. అప్పటికే తండ్రికి మాట పడిపోయింది. తిరిగొచ్చి, ఎవరూ లేనప్పుడు, నామీదే కూర్చుని ఏడ్చాడు.

మనుషుల తీరు చిత్రమైంది. తమను కట్టేసిన తాడును పారేయరు, భద్రంగా దాచుకుంటారు. సొంత ఆఫీసు పెట్టినప్పుడు పరాంకుశం గురువుగారిని అడిగి మరీ నన్ను తెచ్చుకున్నాడు. కంప్యూటర్లొచ్చి బల్లలు పొట్టివైతే నా కాళ్లు కోయించాడు. కొత్తగా చేరినవాళ్లు మొదటి ఏడాది నామీదే కూర్చోవాలన్నాడు. తను మాత్రం తోలుకుర్చీలో కూర్చున్నాడు.

అలా నామీదికి వచ్చినవాళ్లలో నస్రీన్ ఒకతె. పని చకచకా ముగించేది. చేరిన కొత్తలోనే ఒకరోజు ఆరింటికి సంచీ భుజాన వేసుకుని లేచింది.

"ఏవమ్మా, ఇప్పుడంత పనేముంది నీకు?" అన్నాడు పరాంకుశం.

"ఏమీ లేదు సార్. ఈరోజు పని అయిపోయింది. ఇంటికెళ్తాను."

ఆస్పత్రనో పెళ్లనో అంటే ఆయనకు అర్థమయ్యేది. ఏ కారణమూ లేకుండా ఇంటికి వెళ్లడమన్నది ఆయన బుర్రకెక్కలేదు. "గడప దాటావంటే అనుభవ పత్రం సంగతి మరిచిపో" అన్నాడు.

ఆ కాగితం లేకపోతే ఇంకెక్కడా ఉద్యోగం రాదని నస్రీన్ భయం. మళ్లీ నామీద కూలబడింది. దిగనివ్వాలని నాకూ ఉంది. కానీ స్టూలు మోయగలదే తప్ప ఎవరినీ దించలేదు.

నెలలు అలాగే గడిచాయి. ఒక మధ్యాహ్నం ఆమె లేవబోయి లేవలేకపోయింది. నడుము పట్టేసింది. తోటివాళ్లు చెరోవైపూ పట్టుకుని ఆటో ఎక్కించి వచ్చారు. సాయంత్రం ఆరు కాగానే అందరూ కలిసి లేచారు. పరాంకుశం మళ్లీ అనుభవ పత్రం మాటెత్తాడు.

"ఇవ్వకండి సార్" అన్నాడు వాళ్లలో విహారి అనే అబ్బాయి, నెమ్మదిగానే. "మేం గీసినవి చూపించే ఉద్యోగాలు వెతుక్కుంటాం."

వాళ్లు వెళ్లిపోయారు. కిటికీలో ఇంకా ఎండ ఉంది. మర్నాటికి ఒక బడి ప్లాను పంపాలి. పరాంకుశం వచ్చి నస్రీన్ కంప్యూటర్ ముందు, నామీద కూర్చున్నాడు. కాసేపటికే చెయ్యి నడుము మీదికి పోయింది. "నాన్నా" అన్నాడు. నొప్పికి అన్నాడో, మరెందుకన్నాడో నాకు తెలియదు.

ఆ వారమే ఆఫీసుకు మంచి కుర్చీలొచ్చాయి. నస్రీన్ అనుభవ పత్రం ఆయనే వాళ్లింటికి పట్టుకెళ్లి ఇచ్చాడట. ఆమె తీసుకుంది, దండం పెట్టింది, తిరిగి మాత్రం రాలేదు. నన్ను ఆఫీసు బయట, మెట్ల పక్కనున్న సామాన్ల గదిలో టైల్సు నమూనాల వెనక పెట్టి తలుపు వేశారు. ఇక్కడ వెలుతురు రాదు. చప్పుళ్లే వస్తాయి.

ఆరు కాగానే ఆఫీసు పిల్లలు నవ్వుకుంటూ మెట్లు దిగుతారు. తర్వాత పరాంకుశం తాళం వేస్తాడు. అయినా దిగడు. నా తలుపు అవతల చాలాసేపు నిలబడతాడు. మొన్న అక్కణ్ణుంచే ఇంట్లో భార్యకు ఫోన్ చేశాడు.

"బయల్దేరుతున్నానే" అన్నాడు. కాసేపు విన్నాడు. "లేదు, ఒంట్లో బాగానే ఉంది... ఎవరికీ ఏమీ కాలేదు... కంగారు పడకు."

మళ్లీ విని, గొంతు తగ్గించి అడిగాడు: "అయితే ఇప్పుడు రానా, వద్దా?"