మెలిపడిన వరస

నేను ఒక స్వెటర్లు అల్లే సూదిని. పదో నంబరుదాన్ని. అల్యూమినియం ఒళ్ళు, ఒక కొసన మొన, రెండో కొసన గుండీలాంటి బిళ్ళ. నాకు జంటగా ఇంకొకతె ఉంది. బట్టలు కుట్టే సూదికి ఉన్నట్టు మాకు బెజ్జం ఉండదు. మేం దారం ఎక్కించుకోం, ఊలును ఒంటి మీద మోస్తాం. ఒక వరస అల్లేటప్పుడు నేను కుడిచేతిలో ఉంటాను, మరుసటి వరసకు ఎడమచేతిలో ఉంటాను. ఏ చేతిలో ఉన్నా నా పని ఒకటే. ఈ చిన్న సంగతి మనుషుల బుర్రకెక్కక నేను చూసిన రోత చెబుతాను, వినండి.

నన్ను చేసిన కార్ఖానాలో ఒకాయన జర్దా నములుతూ, ఆ వేళ్ళతోనే నా మొన పదునుందో లేదో చూసేవాడు. ఆ కంపు కొన్నాళ్ళు నాతోనే ఉంది. తర్వాత మదనపల్లెలో ఒక గాజుల కొట్టుకు చేరాను. అక్కడ నన్ను కొన్నది ఫిలోమినా అనే నర్సమ్మ. ఆవిడది గోవా దగ్గర ఊరట. ఊలును మెడ చుట్టూ తిప్పి, ముందుకు తెచ్చి, ఎడమ బొటనవేలితో టక్కున మీటి అల్లేది. ఉల్టా కుట్లు, అంటే తిరగేసి అల్లే కుట్లు, ఆవిడ చేతిలో వడగళ్ళు రాలినట్టు పడేవి. పనితనం గొప్పదే, కాదనను. కాని మెడ చుట్టూ తిరిగిన ఊలుకు చెమట, తలనొప్పి బామ్ కలిసిన వాసన పట్టి, అదంతా నాకు అంటేది. అదైనా భరించాను. కాళ్ళకు పిండికట్లు వేసుకున్న రోగులు దురదని మొత్తుకుంటే, ఆవిడ నన్ను తీసి ఆ కట్టులోకి దూర్చి గోకేది. నెల రోజులుగా లోపల నానిన చర్మం పొట్టు పొట్టుగా నా ఒంటికి అంటుకునేది. రోగి హాయిగా కళ్ళు మూసుకునేవాడు. నన్ను ఎవరూ అడిగిన పాపాన పోలేదు.

ఆవిడకు బదిలీ అయినప్పుడు మా ఇద్దరినీ మహిళా మండలికి ఇచ్చేసింది. అక్కడ కుట్లు, అల్లికలు నేర్పే వసుంధర టీచరు చేతిలో పడ్డాను. మండలిలో ఏడాది నేర్చుకుని పరీక్ష ప్యాసైతే బాలికల హాస్టళ్ళలో అల్లికల టీచరు ఉద్యోగం వచ్చేది.

వసుంధర టీచరుది కుడిచేతి పద్ధతి. ఒక్కో కుట్టుకూ కుడిచేత్తో ఊలును నా మొన చుట్టూ విసిరి తిప్పుతుంది. భుజం నుంచి వేలి దాకా చెయ్యంతా కదలాలి. తిరగలి విసిరినంత శ్రమ. చూడటానికి మాత్రం దర్జాగా ఉంటుంది, కుట్లు కూడా ఒద్దికగా ఒకే కొలతన పడతాయి. ఆవిడ దృష్టిలో భూమి మీద అల్లిక అంటే ఇదొక్కటే. ఫిలోమినా మెడ పద్ధతి సంగతి ఎవరో ఎత్తితే, "మెడకు తాడేసుకొని అల్లేదేంది, ఎద్దా?" అని క్లాసంతా నవ్వించింది. ఇంతటి శుభ్రమైన పద్ధతి గల మనిషి పాఠం మధ్యలో నన్ను కొప్పులోకి గుచ్చి తల గోక్కునేది. ఎవరూ చూడట్లేదనుకుంటే చెవిలో కూడా పెట్టుకునేది. కొబ్బరినూనె, చుండ్రు, గుబిలి, అన్నీ నాకే. ఆ తర్వాత నన్ను చీరకొంగుకు తుడిచి పిల్లల చేతికిచ్చి, "చేతులు కడుక్కున్నారా?" అని అడిగేది.

ఆ క్లాసుకు రెడ్డిరాణి అనే పిల్ల వచ్చింది. నీరుగట్టువారిపల్లె వైపు ఒక షెడ్డులో పట్టుగూళ్ళు ఉడకబెట్టి దారం తీసే పని చేసేది. ఆ పిల్ల చేతులకు ఉడికిన పురుగుల వాసన. ఎంత సబ్బు రుద్దినా పోదు. మొదటి రోజు నన్ను పట్టుకున్నప్పుడు నాకు రోత పుట్టింది, అబద్ధం చెప్పను. ఆ వేడినీళ్ళ తొట్టి నుంచి బయటపడాలనే హాస్టలు ఉద్యోగం మీద ఆశ పెట్టుకుని వచ్చింది. కాని దారం చుట్టే చక్రంలో పడి కుడిచేతి చూపుడువేలు ఎప్పుడో బిగుసుకుపోయింది. ఆ వేలితో ఊలు విసరడం కుదరదు. నెల తిరిగినా రాణి అల్లిక నాలుగు వేళ్ళ పొడవు దాటలేదు.

ఆ చలికాలం బస్టాండు దగ్గర స్వెటర్ల కొట్టు పెట్టుకున్న టిబెట్ ఆడమనిషి పెమా, బేరాల్లేనప్పుడు అల్లుకుంటూ కూర్చునేది. ఊలు ఆమె ఎడమచేతి వేలి మీద ఉండేది. కుడిచేతి సూది వెళ్ళి దాన్ని కొక్కెంలా లాక్కునేది, అంతే. చెయ్యి కదిలినట్టే ఉండదు, అల్లిక మాత్రం పెరిగిపోతుంది. రాణి మా ఇద్దరినీ వెంట తీసుకెళ్ళి పది సాయంత్రాలు ఆమె పక్కన కూర్చుని నేర్చుకుంది. నా జీవితంలో నేను సుఖపడింది ఆ తర్వాతే. ఆ పద్ధతిలో నన్ను ఎవరూ విసరరు, ఝాడించరు. అయితే ఒక మెలకువ ఉంది. పెమా ఉల్టా కుట్టులో ఊలును దగ్గరి దారిన, కింది నుంచి లాగుతుంది. అందువల్ల కుట్టు నా మీద వెనక్కి తిరిగి కూర్చుంటుంది. ప్రతి కుట్టుకూ సూదికి ముందొకటి, వెనకొకటి రెండు కాళ్ళుంటాయి. మరుసటి సీదా వరసలో, అంటే మంచి వైపు అల్లేటప్పుడు, దాన్ని వెనక కాలు పట్టి అల్లాలి. అప్పుడు చక్కగా విచ్చుకుంటుంది. అలవాటు కొద్దీ ముందు కాలు పట్టారా, మెలిపడి బిగుసుకుంటుంది.

"ఏం మే, ఆ చెయ్యి యాడికి పోతాంది?" అంది టీచరు, రాణిని చూసి.

"నాకు ఈ వేలు వొంగదు టీచర్. ఇట్లయితే తొందరగా వస్తాంది. చూడండి, కుట్లు ఒగటే మాదిరి ఉండాయి కదా."

"బజార్లో సెట్టర్లు అమ్ముకునేవాళ్ళ అల్లిక నా క్లాసులో కుదరదు."

కుట్లు నిజంగానే ఒకే మాదిరి ఉన్నాయి. టీచరు ముక్కనూ రాణి ముక్కనూ పక్కపక్కన పెడితే ఏది ఏ చేతిదో ఆవిడే చెప్పలేదు. అయినా రాణి పనిని మూడుసార్లు ఊడదీయించింది. అంత ఊలు పాడుచేయించిన ఆ టీచరు చేతులంటే నాకు వెగటు పుట్టింది.

పరీక్ష రోజున చిత్తూరు నుంచి పరీక్షాధికారి వచ్చింది. మూడు గంటల్లో చేతి వెడల్పు ముక్క అల్లాలి. మధ్యాహ్నం అన్నానికి అందరూ లేచారు. రాణి అప్పుడే ఉల్టా వరస ముగించి నన్ను బల్ల మీద పెట్టి వెళ్ళింది. వసుంధర టీచరు వచ్చి, అటూ ఇటూ చూసి, నన్ను చేతిలోకి తీసుకుంది. ఎందుకో ఆవిడకే తెలియాలి. ఒక్క వరసైనా సక్రమంగా ఉండాలనుకుందేమో. తన పద్ధతిలో, ముందు కాళ్ళు పట్టుకుంటూ, ఒక సీదా వరస అల్లి పెట్టేసింది. కుట్టు కుట్టుకూ మెలి. నా మీద అవి బిగుసుకుంటూ ఉంటే నేను చేయగలిగింది ఏమీ లేకపోయింది. రాణి వచ్చి చూసి, లెక్క తప్పాననుకుని, తర్వాతి వరస అందుకుంది.

అధికారి ఆ ముక్కను వెలుతురుకు పట్టి చూసింది. మధ్యలో ఒక వరస గట్టిగా, వంకరగా ఉంది.

"ఇదేం వరసమ్మా?"

"అది నేనల్లింది కాదు మేడం. అన్నానికి పొయ్యొచ్చేసరికి ఒగ వరస ఎక్కువుండింది, నేనే లెక్క తప్పినాననుకుంటి."

అధికారి టీచరు వైపు తిరిగి, "మీరేమైనా ముట్టుకున్నారా?" అని అడిగింది.

"నేనెందుకు ముట్టుకుంటాను మేడం? ఎడమచేత్తో అల్లితే ఇట్లే అవుతుందని ఏడాదిగా మొత్తుకుంటున్నా" అంది వసుంధర టీచరు. ఆవిడ గొంతు తడబడలేదు. ఆ అబద్ధం చెబుతున్నప్పుడు ఆవిడ చేతిలో ఉన్నది నేనే. అంతకన్నా ఆ పిండికట్లలోని పొట్టే శుభ్రం అనిపించింది.

రాణి ఫెయిలయింది. మళ్ళీ పట్టుగూళ్ళ తొట్టి దగ్గరికి పోయింది. పరీక్ష రాయాలంటే మండలి నుంచి టీచరు సంతకంతో పేరు వెళ్ళాలి. ఆ పేరు మళ్ళీ వెళ్ళలేదు.

ఆరేళ్ళు గడిచాయి. ముప్పై ఏళ్ళు ఊలు విసిరిన వసుంధర టీచరు కుడి భుజం పట్టేసింది. చెయ్యెత్తితే ప్రాణం పోతుంది. అల్లిక మానమన్నాడు డాక్టరు. మానితే ఉద్యోగం పోతుంది. ఇంట్లో తలుపు గడియ పెట్టుకుని, ఎడమచేతి మీద ఊలు వేసుకుని తంటాలు పడింది. తను ఊడదీయించిన పద్ధతే. రాలేదు. చివరికి రాణికి కబురు పెట్టింది.

రాణి వచ్చింది. చేతులు ఉడికి ఉడికి తెల్లగా పాలిపోయాయి, గోళ్ళ పక్కన చర్మం లేచింది. అదే వాసన. ఈసారి నాకు రోత పుట్టలేదు.

"నేర్పుతా టీచర్. ఒగ మాటడుగుతా. వచ్చే నెల పరీక్షకు నా పేరు పంపి, ఆ పొద్దు ఆ వరస మీదేనని ఒగ కాగితం రాయండి. చాలు."

"ముందు నేర్పు మే, చూద్దాం" అంది టీచరు.

రాణి ఓపిగ్గా నేర్పింది. వేలి మీద ఊలు ఎలా నిలపాలో, ఎలా లాగాలో ఆవిడ వేళ్ళు పట్టుకుని మరీ చూపించింది. టీచరు ఒక ఉల్టా వరస బాగానే అల్లింది. నొప్పి లేదని ముఖం వెలిగిపోయింది. ఆ సంబరంలో సీదా వరస తనంతట తనే మొదలుపెట్టి, ముప్పై ఏళ్ళ అలవాటు కొద్దీ ముందు కాళ్ళు పట్టుకుంటూ చివరిదాకా పోయింది. వరసంతా మెలిపడింది.

ఇద్దరూ దాని వైపే చూశారు.

"పరీక్ష పొద్దు పడింది ఇదే టీచర్" అంది రాణి, మెల్లగా.

వసుంధర టీచరు ఆ మెలిపడిన కుట్లను ఒక్కొక్కటిగా వేలితో తడుముకుంటూ పోయింది. ఇప్పుడైనా నోరు విప్పుతుందని, ఒక్క కాగితం ముక్క రాస్తుందని, ఇన్నేళ్ళ రోతలో మొదటిసారి ఒక మనిషి మీద ఆశపడ్డాను.

"పాతవన్నీ ఇప్పుడెందుకు మే" అంది ఆవిడ. "ముందు ఆ వరస ఊడదీయ్. ఎవరన్నా చూస్తే బాగుండదు."

రాణి నన్ను, నా జంటను, మెలిపడిన కుట్లతో సహా ఆవిడ ఒడిలో పెట్టింది. చెప్పులేసుకుని షెడ్డుకు పోయింది.